బిల్లు మీద పేరు: టెక్సాస్ కరెంటు కొట్ల పాతికేళ్లు

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనో ప్లేనోలోనో ముప్పై ఏళ్లుగా ఇల్లు మారకుండా ఉన్న కుటుంబం పాత కరెంటు బిల్లులు దాచుకుని ఉంటే, ఆ కట్టను ఒకసారి విప్పి చూడాలి. అడుగున టీయూ ఎలక్ట్రిక్ కాగితాలుంటాయి. వాటి మీద టీఎక్స్‌యూ ఎనర్జీవి. ఇంకా పైకి వస్తే సిరో, స్ట్రీమ్, ఆంబిట్, గ్రీన్ మౌంటెన్, డైరెక్ట్ ఎనర్జీ, ఇలా ఇంటింటికీ ఒక వరస. యూనిట్‌కు ఒక సెంటు తక్కువని స్నేహితుడు చెబితే మారిన కంపెనీ ఒకటి, మారిన ఏడాదికే మూతబడిన కంపెనీ ఒకటి, మనం ఎక్కడికీ కదలకపోయినా మనల్ని ఇంకొకరికి అమ్మేసి వెళ్లిపోయిన కంపెనీ ఒకటి. ఇంటికి వచ్చే తీగ మాత్రం అదే. ఈ విపణి పుట్టినప్పుడు ఆ ఇంటికి ఇచ్చిన 17 అంకెల గుర్తింపు నంబరూ మారలేదు. తీగ ఒకరిది, అందులో పారే సరుకు ఒకరిది, బిల్లు మీద పేరు ఇంకొకరిది. ఈ ఏర్పాటు ఎలా పుట్టింది, అందులో ఎవరు నిలబడ్డారు, ఎవరు మునిగారు, చివరికి ఎవరి చేతికి చేరింది అన్నది ఒకసారి తీరికగా వెనక్కి తిరిగి చూసుకోదగ్గ కథ.

మొదట్లో ఊరికో కంపెనీ ఉండేది. న్యూయార్క్‌లో ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం వెలిగిన 1882లోనే హ్యూస్టన్‌లోనూ విద్యుద్దీపాల కంపెనీ పుట్టింది. ఒకే వీధిలో రెండు కంపెనీలు రెండు వరసల స్తంభాలు పాతుకుంటే ఇద్దరూ చెడతారన్న వాదనకు గట్టి గొంతునిచ్చినవాడు శామ్యూల్ ఇన్సల్. ఎడిసన్ దగ్గర కార్యదర్శిగా జీవితం మొదలుపెట్టి షికాగో కేంద్రంగా విద్యుత్ సామ్రాజ్యం కట్టిన మనిషి. ఒక ప్రాంతానికి ఒకే కంపెనీ, దాని ధరకు ప్రభుత్వం కళ్లెం అన్నది ఆయన ప్రతిపాదన. అమెరికా అంతటా అదే నిలిచింది. ఆయన సామ్రాజ్యం 1932లో కూలింది గాని, ఆ ఏర్పాటు మరో అరవై ఏళ్లు చెక్కుచెదరలేదు. ఆ కూలిన శబ్దానికి ఉలిక్కిపడిన వాషింగ్టన్ 1935లో కొత్త చట్టాలు తెచ్చి, రాష్ట్రం సరిహద్దు దాటే కరెంటును కేంద్రం అదుపులోకి తీసుకుంది. టెక్సాస్ కంపెనీలు దీనికి కనిపెట్టిన విరుగుడు చాలా సరళం: అసలు సరిహద్దు దాటకపోతే సరి! తమ తీగలను రాష్ట్రం లోపలే ముడివేసుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, గల్ఫ్ తీరపు యుద్ధ పరిశ్రమలకు కరెంటు పంపడానికి ఆ ముడులన్నీ కలిసి ఒక వల అయ్యాయి. ఆ వలకు కాపలాదారుగా 1970లో ఎర్కాట్ ఏర్పడింది. 1975లో రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ వచ్చి ధరల పగ్గాలు పట్టుకుంది. 1976 మే నెలలో ఒక రాత్రి పశ్చిమ టెక్సాస్ కంపెనీ ఒకటి గుట్టుచప్పుడు కాకుండా స్విచ్ వేసి ఓక్లహోమాకు కరెంటు పంపింది. తెల్లవారేసరికి మిగతా కంపెనీలు గగ్గోలు పెట్టి వల నుంచి తెంచుకున్నాయి, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. ఆ ఏకాంత దీక్ష అంత గట్టిది. తర్వాతి కథకు పునాది కూడా అదే. వల మొత్తం రాష్ట్రం గుప్పిట్లో ఉంది కాబట్టే, ఆ వల మీద ఎవరు కొట్టు తెరవాలో, ఎలా నడపాలో ఆస్టిన్‌లోని శాసనసభ ఒక్కటే కూర్చుని రాసుకోగలిగింది.

రాసుకునే కాలం 1990లలో వచ్చింది. టెలిఫోన్, విమానయానం అప్పటికే విపణి వీధిన పడ్డాయి. ఇంగ్లండ్ 1990లో విద్యుత్తును ప్రైవేటుపరం చేసింది. కాలిఫోర్నియా 1996లో చట్టం చేసింది. టెక్సాస్ ముందు 1995లో టోకు వ్యాపారాన్ని పోటీకి విడిచిపెట్టి, 1999లో సెనేట్ బిల్ 7తో చిల్లర వ్యాపారాన్నీ తెరిచింది. బిల్లును నడిపించిన వారు సెనేటర్ డేవిడ్ సిబ్లీ, ప్రతినిధి స్టీవ్ వోలెన్స్. సంతకం పెట్టిన గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్. కమిషన్ అధ్యక్షుడిగా కొత్త విపణికి రూపురేఖలు దిద్దినవాడు ప్యాట్ వుడ్. పోటీ కోసం అందరికంటే పెద్ద గొంతుతో అడిగింది హ్యూస్టన్‌కు చెందిన ఇంధన కంపెనీ ఎన్రాన్. మహారాష్ట్రలోని దాభోల్ విద్యుత్ కేంద్రం పుణ్యమా అని ఆ పేరు మన దేశంలోనూ ఇంటింటి మాటగా ఉన్న రోజులవి. చిత్రమేమిటంటే, సరిగ్గా అదే 1999లో, ఫిబ్రవరి 1న, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి కూడా జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. మరుసటి ఏడాది నాలుగు డిస్కమ్‌లు పుట్టాయి. ఉత్పత్తి వేరు, తీగ వేరు, అమ్మకం వేరు అన్న సిద్ధాంతం రెండు చోట్లా ఒకటే. అక్కడ గృహస్థుకు కొట్టు ఎంచుకునే హక్కు దక్కింది. ఇక్కడ చార్జీల పెంపు మీద రాజుకున్న ఆందోళన 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ ఇళ్ల కరెంటును పోటీకి వదిలే సాహసం చేయలేదు.

టెక్సాస్‌లో పోటీ తలుపులు 2002 జనవరి 1న తెరుచుకున్నాయి. అప్పటికి నెల కిందటే, 2001 డిసెంబర్ 2న, పోటీ కోసం అంతగా పోరిన ఎన్రాన్ దివాలా తీసింది. అంతకు ముందు వేసవికే కాలిఫోర్నియా ప్రయోగం చీకట్లలో కూరుకుపోయింది. ఆ రెండు పిడుగుల మధ్య కూడా టెక్సాస్ వెనక్కి తగ్గలేదు. పాత కంపెనీలను మూడు ముక్కలు చేశారు. హ్యూస్టన్ పాత కంపెనీలో తీగల భాగం సెంటర్‌పాయింట్ అయింది, అమ్మకాల భాగం రిలయంట్ అయింది. మన రిలయన్స్‌తో దీనికి చుట్టరికమేమీ లేదు. డాలస్ వైపు తీగలు ఆంకోర్, అమ్మకం టీఎక్స్‌యూ ఎనర్జీ అయ్యాయి. దక్షిణ, పశ్చిమ టెక్సాస్‌లోని పాత కంపెనీల చిల్లర వ్యాపారాన్ని బ్రిటన్‌కు చెందిన సెంట్రికా కొనుక్కుని డైరెక్ట్ ఎనర్జీ కిందికి చేర్చుకుంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల సొంత కరెంటు సంస్థలు, పల్లె సహకార సంఘాల్లో దాదాపు అన్నీ మాత్రం ఈ పోటీకి బయటే ఉండిపోయాయి. ఈనాటికీ డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఒక కాలనీవాళ్లు వందకు పైగా ప్లాన్ల మధ్య తల పట్టుకుంటుంటే, పక్క కాలనీవాళ్లు కోసెర్వ్ సహకార సంఘం పంపిన బిల్లు కట్టి ఊరుకుంటారు.

ఆ చట్టంలో రెండు ఏర్పాట్లు గమనించదగ్గవి. ఒకటి పాత కంపెనీల కాళ్లకు వేసిన బంధం. తమ పాత ప్రాంతంలో కమిషన్ నిర్ణయించిన ధరకు తక్కువగా కొన్నేళ్లపాటు అమ్మకూడదు. కొత్తవాడు వచ్చి ఆ ధర కంటే తగ్గించి అమ్మి నాలుగు ఖాతాలు సంపాదించుకోవాలని ఉద్దేశం. కొత్తగా నాటిన మొక్క చుట్టూ కట్టిన కంచె లాంటిది. 2007 జనవరి 1న దాన్ని తీసేశారు. రెండోది అంతకంటే దూరదృష్టి గలది. ఏ కొట్టు మూతబడినా, దాని ఖాతాదారులందరూ ఆ క్షణం నుంచే ముందుగా నియమించిన మరో కంపెనీ కిందికి వెళతారు. చట్టం భాషలో ప్రొవైడర్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్. మన మాటలో చెప్పాలంటే దిక్కులేనివారికి దిక్కు. అక్కడ రేటు మండిపోతుంది. అయినా దీపం ఆరదు. అమ్మేవాడు దివాలా తీసినంత మాత్రాన కొనేవాడి ఇల్లు చీకటి కాకూడదన్న ఈ ఒక్క నియమం పాతికేళ్లలో వచ్చిన ప్రతి ఉపద్రవంలోనూ నిలబడింది. ఈ చట్టం రాసినవారిని ఎన్ని మాటలైనా అనవచ్చు. ఈ ఒక్క చోట మాత్రం నమస్కారం పెట్టాలి.

ఇంతకీ ఈ కొట్లు ఎందుకు మూతబడతాయి? వీటికి విద్యుత్ కేంద్రం ఉండదు, స్తంభం ఉండదు, తీగ ఉండదు. ఒక ఆఫీసు, ఫోన్లు ఎత్తే మనుషులు, బిల్లులు వేసే కంప్యూటర్లు ఉంటే చాలు. టోకున కొని చిల్లరకు అమ్మడమే పని. ఖాతాదారుకు యూనిట్ పది సెంట్లకని ఏడాది ఒప్పందం రాసిస్తారు. కొనే ధర మాత్రం పావుగంటకోసారి మారుతుంది. తెలివైనవాడు ఏడాదికి సరిపడా సరుకు ముందే ధర ఖాయం చేసుకుని పెట్టుకుంటాడు. దానికి బోలెడు పెట్టుబడి, బ్యాంకు హామీ కావాలి. అవి లేనివాడు ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కుంటూ, వాతావరణం చల్లగా చూస్తే లాభమని నమ్ముకుంటాడు. సంవత్సరంలో మూడు వందల అరవై రోజులు ఆ నమ్మకం వమ్ము కాదు. మిగిలిన అయిదు రోజుల్లోనే కంపెనీ పోతుంది. కరెంటు ఉల్లిపాయ కాదు, గోదాంలో పోసి పెట్టుకోవడానికి.

ఈ పాఠం మొదట్లోనే చెప్పినవి రెండు కంపెనీలు. ఎన్రాన్ కడుపున పుట్టి, ఏఓఎల్, ఐబీఎంల అండతో వచ్చిన న్యూపవర్ 2002 జూన్‌లో దివాలాకు దరఖాస్తు పెట్టింది. 2003 ఫిబ్రవరిలో మంచుతుఫాను వచ్చి టోకు ధర ఎగిసిపడగా, మరుసటి నెలకే టెక్సాస్ కమర్షియల్ ఎనర్జీ చేతులెత్తేసింది. తప్పు తనది కాదని, పెద్ద ఉత్పత్తిదారులు ధర ఎగదోశారని కోర్టుకు కూడా ఎక్కింది. ఆ ఫిర్యాదు అప్పటి నుంచి ప్రతి ఉపద్రవంలోనూ వినిపిస్తూనే ఉంది.

తర్వాతి అయిదేళ్లూ కొట్లకు బంగారు కాలమే. కత్రినా తుఫాను తర్వాత గ్యాస్ ధర పెరిగి పాత కంపెనీల రేట్లు కొండెక్కాయి. కొత్తవాళ్లకు చోటు దొరికింది. డాలస్‌లో స్ట్రీమ్, ఆంబిట్ పుట్టి, ఖాతాదారులనే అమ్మకందారులుగా మార్చే గొలుసు పద్ధతి పట్టాయి. పిలవని పేరంటానికి కూడా ఒక కరెంటు ఏజెంటు వచ్చేవాడని ఆనాటివాళ్లు నవ్వుతూ చెప్పుకునే కాలమది. అప్పుడు 2008 వచ్చింది. మే, జూన్ నెలల్లో గ్యాస్ ధర పెరిగింది, తీగల మీద రద్దీ పెరిగింది, టోకు ధర ఆకాశాన్నంటింది. ప్రీ-బై ఎలక్ట్రిక్, నేషనల్ పవర్ వంటి అయిదు కంపెనీలు వారాల తేడాలో కుప్పకూలాయి. వేల కుటుంబాలు ఒక్క రాత్రిలో దిక్కులేనివారి దిక్కు కిందికి చేరాయి. కొందరు ముందే కట్టిన డబ్బు పోయింది. అప్పటికింకా స్మార్ట్ మీటర్లు రాలేదు. వేరే కంపెనీకి మారాలంటే రీడింగు తేదీ దాకా ఆగాలి, ఆగినన్నాళ్లూ ఆ మండిపోయే రేటే కట్టాలి. కమిషన్ అప్పుడు మేలుకుంది. కొట్టు తెరిచేవాడి పెట్టుబడి మీద, ఖాతాదారు డిపాజిట్ మీద నిబంధనలు బిగించింది. పదేళ్లు సజావుగా గడవడానికి ఆ బిగింపే కారణమని నా అభిప్రాయం.

అదే ఏడాది సెప్టెంబర్‌లో హ్యూస్టన్ ప్రాంతాన్ని ఐక్ తుఫాను, న్యూయార్క్‌ను లీమన్ బ్రదర్స్ బ్యాంకు పతనం రెండు రోజుల తేడాలో తాకాయి. ఆ రెండు దెబ్బలూ కలిసి తగిలింది రిలయంట్‌కు. సరుకు కొనడానికి దానికి వెన్నుదన్నుగా ఉన్నది మెరిల్ లించ్ బ్యాంకు హామీ. అది సడలడంతో పదిహేను లక్షలకు పైగా ఖాతాలున్న కంపెనీ కొనుగోలుదారు కోసం వెతుక్కోవలసి వచ్చింది. 2009 మేలో న్యూజెర్సీకి చెందిన ఎన్ఆర్‌జీ 28.75 కోట్ల డాలర్లకు దాన్ని కొనుక్కుంది. ఎన్ఆర్‌జీ అప్పటిదాకా విద్యుత్ కేంద్రాల కంపెనీ. టెక్సాస్ కరెంటు చరిత్రలో మలుపు అని ఒక్కదాన్నే వేలెత్తి చూపమంటే నేను చూపేది ఆ కొనుగోలునే. 1999లో చట్టం విడదీసిన రెండు చేతులు, తయారుచేసే చెయ్యి, అమ్మే చెయ్యి, మళ్లీ కలుసుకున్నాయి. ఆ కలయికలో ఇంగితం ఉంది. టోకు ధర పెరిగితే అమ్మే చేతికి నష్టం, చేసే చేతికి లాభం, తగ్గితే తారుమారు. రెండూ ఒకే మనిషివైతే ఎటు నుంచి గాలి వీచినా పడిపోడు.

డాలస్ వైపు కథ ఇంకా పెద్దది. 2007లో పెట్టుబడి సంస్థలు కేకేఆర్, టీపీజీ, గోల్డ్‌మన్ సాక్స్ కలిసి అప్పుతో కలిపి దాదాపు 4,500 కోట్ల డాలర్లకు టీఎక్స్‌యూను కొన్నాయి. అప్పు చేసి కంపెనీలు కొనే పద్ధతిలో అంత పెద్ద బేరం అంతకుముందు జరగలేదు. గ్యాస్ ధర పెరుగుతూనే ఉంటుందని, బొగ్గు కేంద్రాలకు లాభాలు కురుస్తాయని పందెం. సరిగ్గా అప్పుడే టెక్సాస్ నేలలోంచి షేల్ గ్యాస్ పొంగింది. ధర పడిపోయింది. అప్పు మాత్రం పడలేదు. వారెన్ బఫెట్ అంతటివాడు ఆ బాండ్లు కొని 87 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నాడు. 2014 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా రక్షణ కోరింది. ఆ రోజు కూడా టీఎక్స్‌యూ ఖాతాదారుల ఇళ్లలో ఏసీలు మామూలుగానే తిరిగాయి. 2016లో ఉత్పత్తి, అమ్మకం కలిసి విస్ట్రాగా బయటపడ్డాయి. ఇర్వింగ్ దాని కేంద్రం. తీగల కంపెనీ ఆంకోర్ 2018లో కాలిఫోర్నియాకు చెందిన సెంప్రా చేతికి వెళ్లింది.

ఈ రెండు ఇళ్లూ అక్కడి నుంచి వరసగా కొనుక్కుంటూ పోయాయి. ఎన్ఆర్‌జీ 2010లో గ్రీన్ మౌంటెన్‌ను, 2014లో సిరోను, 2018లో జూమ్‌ను, 2019లో స్ట్రీమ్‌ను కలుపుకుంది. విస్ట్రా 2019లో ట్రైఈగిల్ మాతృసంస్థ క్రయస్‌ను, ఆంబిట్‌ను తీసుకుంది. మధ్యలో డైరెక్ట్ ఎనర్జీ కూడా ఫస్ట్ చాయిస్, బౌన్స్‌లను మింగింది. 2021 జనవరిలో ఎన్ఆర్‌జీ 362.5 కోట్ల డాలర్లిచ్చి ఆ డైరెక్ట్ ఎనర్జీనే మింగింది. కొన్నా పాత పేర్లు చాలావరకు తీసేయలేదు. అందుకే ఖాతాదారు రిలయంట్ మీద అలిగి గ్రీన్ మౌంటెన్‌కు, అక్కడి నుంచి సిరోకు మారతాడు. డబ్బు మాత్రం అదే గల్లాపెట్టెలో పడుతుంది. రాత్రి కరెంటు ఉచితమన్న ప్లాన్లు, తొమ్మిది దాటాక బట్టల మెషీన్ వేసుకునే అలవాట్లు, అంకెల్లో దాక్కున్న షరతులు అన్నీ ఆ పోటీ వాతావరణం పిల్లలే.

ఆ చివరి కొనుగోలు జరిగిన నెలన్నరకే 2021 ఫిబ్రవరి చలి వచ్చింది. టెక్సాస్‌లో గ్యాస్ బావులు గడ్డకట్టాయి, కేంద్రాలు ఆగాయి. 15వ తేదీ తెల్లవారుజామున వల మొత్తం కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగింది. 45 లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఇక్కడ ఆరిన దీపాలు కొట్లు మూతబడి ఆరినవి కావు, సరుకే లేక ఆరినవి. ఆ తేడా చరిత్రలో నమోదు కావాలి. కొట్లను ముంచింది ధర. మెగావాట్ గంటకు 9,000 డాలర్ల గరిష్ఠ ధరను కమిషన్ రోజుల తరబడి నిలిపి ఉంచింది. అంటే యూనిట్ తొమ్మిది డాలర్లు! పది సెంట్లకు అమ్ముతానని రాసిచ్చినవాడు తొమ్మిది డాలర్లకు కొనాలి.

గ్రిడ్డీ అనే కంపెనీది ఇంకో దారి. నెలకు 9.99 డాలర్లు రుసుము తీసుకుని టోకు ధరనే నేరుగా ఖాతాదారుకు దాటించేది. మామూలు రోజుల్లో వాళ్ల బిల్లు చూసి మిగతావాళ్లు ఈర్ష్యపడ్డారు. తుఫాను ముందు ఆ కంపెనీయే తన 29,000 మంది ఖాతాదారులను వేరే చోటికి వెళ్లిపొమ్మని బతిమాలింది. వెళ్లలేకపోయినవారికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఫిబ్రవరి 26న ఎర్కాట్ దాన్ని విపణి నుంచి వెళ్లగొట్టింది, మార్చి 15న అది దివాలా తీసింది. కట్టని బిల్లుల బకాయిలు మాఫీ అయ్యాయి. ఆమిగో, తారా పేర్లతో హ్యూస్టన్‌లో వ్యాపారం చేస్తున్న జస్ట్ ఎనర్జీ మార్చి 9న కెనడాలో కోర్టు రక్షణ కోరింది. ఎంట్రస్ట్ పోయింది, ఊరూపేరూ పెద్దగా తెలియని చిన్న కంపెనీలు కొన్ని పోయాయి. కొట్టు కాకపోయినా, దశాబ్దాల చరిత్ర ఉన్న బ్రాజోస్ సహకార సంస్థ సైతం 180 కోట్ల డాలర్లకు మించిన బిల్లు కట్టలేక మార్చి 1న దివాలాకు వెళ్లింది. ఆ ఏడాదే శాసనసభ ఇళ్లకు టోకు ధర ప్లాన్లు అమ్మడాన్ని నిషేధించింది. తర్వాత గరిష్ఠ ధరను 5,000 డాలర్లకు దించారు. ఆ 9,000 ధర న్యాయమా అన్న వ్యాజ్యం 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టులో కమిషన్‌కు అనుకూలంగా ముగిసింది.

అదే 2021లో సముద్రానికి ఆవల ఇంగ్లండ్‌లోనూ గ్యాస్ ధర పెరిగి రెండు డజన్లకు పైగా కంపెనీలు కూలాయి. అన్నిటికంటే పెద్దదైన బల్బ్‌ను ప్రభుత్వం నెత్తిన వేసుకుని, చివరికి ఆక్టోపస్‌కు అప్పగించింది. ఆ ఆక్టోపస్ అంతకుముందే టెక్సాస్‌లో ఒక చిన్న కంపెనీని కొని కాలు మోపి ఉంది. మన దేశంలో ఒకే ప్రాంతంలో ఒకే తీగల మీద ఒకరికి మించి పంపిణీదారులు అమ్ముకోవడానికి వీలిచ్చే సవరణ బిల్లు 2022 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చి స్థాయీ సంఘానికి వెళ్లింది. అలాంటి పోటీ మీద వాదించే మన నాయకులు, ఇంజనీర్లు, రైతు సంఘాల వారు టెక్సాస్‌లో రేటు ఎంత తగ్గిందని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. కంపెనీ మూతబడ్డ రాత్రి ఖాతాదారు ఎవరి చేతిలో పడతాడో, చట్టంలో ఏ పేజీలో ఉందో కూడా అడగాలి.

ఇన్ని చూశాక కూడా టెక్సాస్ తలుపు మూయలేదు, ఇంకొకటి తెరిచింది. ఊరికి సొంత కరెంటు కంపెనీ ఉన్న లబక్ నగరం తనంతట తానుగా పోటీలో చేరింది. 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో జనం కంపెనీలు ఎంచుకున్నారు, మార్చిలో మార్పిడి మొదలైంది. ఎవరినీ ఎంచుకోకుండా ఊరుకున్నవారిని నగరం మూడు కంపెనీలకు పంచింది. ఆ మూడూ రిలయంట్, టీఎక్స్‌యూ ఎనర్జీ, ఆక్టోపస్.